స్కూల్ బోర్డులో ఆరేళ్ళు చేశాక టౌన్‌షిప్ కౌన్సిల్‌కి వెళ్ళడం మంచిదేనా? (న్యూజెర్సీ)

జెర్సీ_సుధ:

నమస్తే అందరికీ. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేం సెంట్రల్ జెర్సీలో ఉంటాం. ఊరి పేరు చెప్పను, చెప్తే మా ఆయన ఎవరో సగం మందికి తెలిసిపోతుంది. ఆయన మా టౌన్ స్కూల్ బోర్డులోకి వెళ్ళి ఇది ఆరో ఏడు. టర్మ్ మూడేళ్ళు కదా, రెండుసార్లు గెలిచారు, వచ్చే జనవరి మొదటి వారంతో రెండోది కూడా అయిపోతుంది.

అసలు ఇందులోకి ఎలా వచ్చారంటే, మా పెద్దమ్మాయి థర్డ్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు స్కూల్ బౌండరీలు మార్చారు, మా వీధి వరకు తీసి ఇంకో ఎలిమెంటరీలో కలిపారు, ఈయన పబ్లిక్ కామెంట్‌లో మాట్లాడతానని వెళ్ళారు, మనిషికి మూడే నిమిషాలు, రాసుకెళ్ళిన కాగితం మొదటి పేజీ కూడా అవ్వకముందే టైమ్ అయిపోయిందన్నారు. కోపంగా వస్తారనుకున్నా. వచ్చి "సుధా, వాళ్ళ ముందు ఇంత లావు బడ్జెట్ పుస్తకం ఉంది, అది చదవకుండా మాట్లాడ్డానికి వెళ్ళడం నాదే తప్పు" అన్నారు. ఆ ఏడాదంతా ప్రతి మీటింగ్‌కీ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. తర్వాత నిలబడి ఓడిపోయారు, ఆ పై ఏడాది గెలిచారు.

అప్పట్నుంచి మా ఇంట్లో మార్చి అంటే బడ్జెట్ నెల. డైనింగ్ టేబుల్ సగం ఆయన కాగితాలు, పసుపు హైలైటర్లు, మిగతా సగంలో పిల్లలూ నేనూ తింటాం. మీటింగ్ రోజు రాత్రి పదకొండున్నరకి వచ్చి వంటింట్లో నిలబడే ఇంత పెరుగన్నం తిని పడుకుంటారు, పొద్దున్నే మళ్ళీ ఆఫీసు. జీతం ఒక్క డాలర్ లేదు, ఇవ్వకూడదని చట్టమే ఉంది. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "మరి ఎందుకు చేస్తున్నాడే వాడు" అని అడుగుతారు. నాకు మాత్రం గర్వంగానే ఉంటుంది. కోవిడప్పుడు స్కూళ్ళు పూర్తిగా తెరవాలా వద్దా అని జూమ్‌లో అర్ధరాత్రి దాటేదాకా ఇటువాళ్ళూ అటువాళ్ళూ తిడుతుంటే ఒక్క మాట తూలకుండా ఎవరు ఏమన్నారో నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చున్న మనిషి.

ఇప్పుడు సంగతేంటంటే పోయిన వారం లోకల్ పార్టీ వాళ్ళిద్దరు ఇంటికొచ్చారు. నవంబర్‌లో టౌన్‌షిప్ కౌన్సిల్‌కి మా స్లేట్‌లో, అంటే పార్టీ నిలబెట్టే అభ్యర్థుల జాబితాలో, నిలబడండి అంటున్నారు. స్కూల్ బోర్డుకి పార్టీ లేదు, ఆయన ఇంతవరకు ఏ పార్టీలోనూ చేరలేదు. రెండూ కలిపి చెయ్యొచ్చా, లేక బోర్డు వదులుకోవాలా? ఆ పనికీ ఈ పనికీ నిజంగా తేడా ఎంత? దీని తర్వాత ఇంకేమైనా ఉంటుందా లేక ఇలా సాయంత్రాలు ఇచ్చుకుంటూ పోవడమేనా? ఈ దారిలో నడిచినవాళ్ళు, దగ్గర్నించి చూసినవాళ్ళు ఉంటే చెప్పండి. నేను ఆయన్ని ఆపాలనుకోవట్లేదు, తెలిసి అడుగెయ్యాలనుకుంటున్నా అంతే.

---

పాతకాపు_ప్లానింగ్:

సుధ గారూ, నేను మా టౌన్ ప్లానింగ్ బోర్డులో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను, కౌన్సిల్‌నీ స్కూల్ బోర్డునీ రెండిటినీ పక్క కుర్చీలోంచి చూశాను.

ముందు రూల్ సంగతి. న్యూజెర్సీలో స్కూల్ బోర్డు మెంబరు అదే టైమ్‌లో మేయర్‌గా గానీ కౌన్సిల్‌లో గానీ ఉండకూడదు. మీవారి టర్మ్ ఎలాగూ జనవరితో అయిపోతుంది కాబట్టి రాజీనామా గొడవ లేదు, ఇక్కడ దిగి అక్కడ ఎక్కడమే. టర్మ్ మధ్యలో వెళ్ళిపోతేనే చిక్కు, మిగిలిన మెంబర్లే 65 రోజుల్లో ఓటేసి ఆ ఖాళీ నింపాలి, లేకపోతే కౌంటీ సూపరింటెండెంట్ నింపుతారు. ఇక తేదీలు, స్కూల్ బోర్డుకి జులై చివరి సోమవారం సాయంత్రం 4 లోపు నామినేషన్ పిటిషన్ ఇవ్వాలి. కౌన్సిల్‌కి మీ దగ్గర పార్టీ ఎలక్షన్ కాబట్టి పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే జూన్ ప్రైమరీ దాటాలి, దాని పిటిషన్ మార్చి చివర్లోనే. వాళ్ళు ఇంత ముందుగా మీ ఇంటికి రావడానికి కారణం అదే.

పని తేడా అడిగారు. పైకి చూస్తే ఒకేలా ఉంటుందండి. స్కూల్ బోర్డు స్కూళ్ళన్నిటినీ నడిపే సూపరింటెండెంట్‌ని పెట్టుకుంటుంది, టీచర్లకి నేరుగా ఆర్డర్లు వెయ్యదు. మా టౌన్ లాంటి కౌన్సిల్-మేనేజర్ పద్ధతిలో కౌన్సిల్ కూడా అంతే, మేనేజర్ ద్వారానే మాట్లాడాలి, పబ్లిక్ వర్క్స్ వాళ్ళకి ఫోన్ చేసి మా వీధిలో మంచు తియ్యండి అనకూడదు. ఎడిసన్ లాంటి చోట్ల మేయర్‌కే పగ్గాలుంటాయి, అక్కడ కౌన్సిల్ పాత్ర వేరు. మీ టౌన్ ఏ పద్ధతో ముందు అది కనుక్కోండి.

లోపలికెళ్తే మాత్రం తేడా పెద్దది, ఆరేళ్ళు బోర్డులో ఉన్న మనిషికి అది గుచ్చుకుంటుంది కూడా. టౌన్‌లోకి ఎంతమంది పిల్లలు వస్తారో నిర్ణయించేది కౌన్సిల్, వచ్చిన పిల్లలకి క్లాస్‌రూమ్ చూపించాల్సింది స్కూల్ బోర్డు. ఇక్కడ ప్రతి టౌనూ తన వాటా అఫర్డబుల్ హౌసింగ్‌కి, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి అందే ఇళ్ళకి, చోటివ్వాలని 1975లోనే రాష్ట్ర సుప్రీం కోర్టు మౌంట్ లారెల్ కేసులో చెప్పింది, 2024లో కొత్త చట్టం వచ్చి 2025 నుంచి 2035 దాకా వాటాలు పెట్టారు. ఆ ఇళ్ళు రావాలి, నేను వాటి తరఫువాణ్ణే, టీచర్ ఎయిడ్‌గా చేసే మనిషి పనిచేసే ఊళ్ళోనే ఉండగలగాలి కదా. కానీ ఎక్కడ కట్టాలి, ఎన్ని బెడ్‌రూములు, పన్ను ఎలా అన్నది కౌన్సిల్ చేతిలో ఉంది.

పన్ను అంటే గుర్తొచ్చింది, పైలట్ ఒప్పందాల గురించి మీవారికి తెలిసే ఉంటుంది. పెద్ద అపార్ట్‌మెంట్ ప్రాజెక్టు కట్టేవాడు మామూలు ప్రాపర్టీ టాక్స్ బదులు ఏటా ఇంత అని కడతాడు, ముప్పై ఏళ్ళ దాకా కూడా ఉంటాయి అలాంటివి. మామూలు పన్నులో సగానికి పైగా స్కూళ్ళకి పోతుంది. పైలట్‌లో వంద డాలర్లు కడితే 95 టౌన్‌కి, 5 కౌంటీకి. స్కూల్‌కి ఇవ్వాలని చట్టంలో లేదు, టౌన్ తనంతట తాను ఇస్తే ఇచ్చినట్టు. ఇంకోపక్క స్కూల్ డిస్ట్రిక్ట్ తన టాక్స్ లెవీని, అంటే వసూలు చేసే మొత్తం పన్నుని, ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదని 2010లో చట్టం చేశారు, మినహాయింపులు ఉన్నా అవి కొన్నే. ఇలాంటి పైలట్ ఆర్డినెన్స్ సెకండ్ రీడింగ్‌కి, అంటే ఆఖరి ఓటుకి, వచ్చిన రోజు మా స్కూల్ బోర్డు ప్రెసిడెంట్ పబ్లిక్ కామెంట్ లైన్లో మైక్ ముందు నిలబడి మూడు నిమిషాల్లో ఎంతమంది పిల్లలు వస్తారో చెప్పే ప్రయత్నం చేశాడు, కౌన్సిల్ తల ఊపింది, 5-0తో పాసైంది. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి కూడా అక్కడ మామూలు పౌరుడే. అవతలి వైపు ఆరేళ్ళు కూర్చున్నవాళ్ళు ఒక్కరైనా కౌన్సిల్‌లో ఉంటే ఆ రాత్రి ప్రశ్నలు వేరేగా ఉండేవని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే నా ఓటు వెళ్ళమనే.

---

ఓరుగల్లు_ఎడిసన్:

అక్కా, నేను మా టౌన్ల రెండు ఎలక్షన్లల్ల తిరిగిన, ఒకటి స్కూల్ బోర్డుది, ఒకటి కౌన్సిల్‌ది. ఒకటి గెలిచినం, ఒకటి ఓడినం. బావగారికి బడ్జెట్ మస్తు తెలుసు గని కౌన్సిల్ ఎలక్షన్ అంటే వేరే లెక్క, అది జెప్త.

మనోళ్ళు చానమంది ఉన్నరు కదా, ఓట్లు అవే వస్తయ్ అనుకుంటరు. మా డెవలప్‌మెంట్ల తెలుగోళ్ళ ఇండ్లు నలభై దాక ఉంటయ్. కౌంటీ నుంచి ఓటర్ లిస్ట్ తీస్కొని జూస్తే ఓటున్న ఇండ్లు పదకొండు. మిగతోళ్ళంత హెచ్ వన్ మీదనో గ్రీన్ కార్డ్ లైన్లనో ఉన్నోళ్ళు, అండ్ల పదిహేనేండ్ల సంది టాక్స్ కడుతున్నోళ్ళు గూడ ఉన్నరు. గుడి ఫంక్షన్ల స్టేజి ఎక్కితే చప్పట్లు కొడ్తరు, ఓటెయ్యనీకి రారు, రాలేరు. గా పదకొండు ఇండ్లల్ల గూడ సగం మంది సిటిజన్ అయినంక రిజిస్టర్ చేస్కున్నరు గని ఒక్కసారి గూడ ఎయ్యలే. మేం చేసిన అసలు పని అదే, ఇంటింటికి పోయి మెయిల్ బ్యాలట్ ఎట్ల తీస్కోవాలె, ఏడ సంతకం పెట్టాలె చూపిచ్చినం. నవంబర్ల ఎర్లీ ఓటింగ్ గూడ ఉంటది ఇప్పుడు, 2021ల తెచ్చిన్రు, శని ఆదివారాలు గూడ పోవచ్చు, గది మనోళ్ళకు మస్తు పనికొచ్చింది.

తెల్లోళ్ళ ఇండ్లకు పోతే ఒక పెద్దాయన, ఎనభై ఏండ్లుంటయేమో, తలుపు తీసి మా క్యాండిడేట్‌ని అడిగిన మొదటి మాట "నా ఆకులు ఎప్పుడు తీస్కపోతరు" అని. కుప్ప పోసి మూడు వారాలైందట. మేం స్కూల్ ముచ్చట చెప్పబోయినం, ఆయన పిల్లలు చదువులైపోయి ఇరవై ఏండ్లాయె, ఆయనకు అవసరం లేదు. కౌన్సిల్ అంటే ఆకులు, గుంతలు, ట్రక్కుల సప్పుడు, పోలీసు, చెత్త. స్కూల్ బోర్డుకు ఓటేసిన తల్లిదండ్రులు ఉంటరు గని వాళ్ళొక్కళ్ళతోని కౌన్సిల్ గెలువరు.

పార్టీ సంగతి గూడ ఒకటి తెలుసుకోన్రి. ఇదివరకు ప్రైమరీ బ్యాలట్ మీద కౌంటీ పార్టీ ఎండార్స్ చేసినోళ్ళ పేర్లన్నీ మీది నుంచి కింది దాక ఒక్క లైన్ల ఉండేటియి, గా లైన్ల ఉంటే సగం గెలిచినట్టే. 2024 మార్చిల ఫెడరల్ జడ్జి అది డెమొక్రాటిక్ ప్రైమరీకి ఆపేసిండు, ఆ ఏడు ఎవరి పదవికి వాళ్ళ పేర్లు విడివిడిగ వచ్చినయ్, తర్వాత 2025ల చట్టం గూడ మారింది. అందుకని పార్టీ వాళ్ళు ఇప్పుడు పేరున్న మనుషులను ఎతుకుతున్నరు. బావగారి పేరు రెండుసార్లు బ్యాలట్ మీద గెలిచిన పేరు. వాళ్ళకు ఆయన అవసరం ఉన్నది, అది యాదివెట్టుకొని మాట్లాడమను, ఏ ఒప్పందానికైన ముందుగాల్నే తలూపద్దు అను.

ఇంకోటి, పైసల లెక్క పక్కాగ రాయాలె. కమిటీ, ట్రెజరర్, బ్యాంక్ అకౌంట్, ఎలెక్‌కి, అంటే ఎలక్షన్ పైసల లెక్కలు జూసే స్టేట్ సంస్థకు, రిపోర్టులు. మేం ఫ్లయర్లు రెండు వేలు కొట్టిచ్చినంక చూస్కున్నం, "పెయిడ్ ఫర్ బై" అని కమిటీ పేరు, అడ్రస్ ఎయ్యలే. అది లేకుంటే పంచొద్దు. రబ్బర్ స్టాంప్ చేపిచ్చి నలుగురం బేస్‌మెంట్ల కూసొని తెల్లారేదాక ఒక్కొక్కదాని మీద కొట్టినం.

---

పెన్నాగట్టు:

"దీని తర్వాత ఏమైనా ఉంటుందా" అని అడిగారు కదా, మా నెల్లూరు ఆయన సంగతి చెప్తాను, ఇక్కడ కొత్త తరానికి ఆయన పేరు అంతగా తెలీదు, తెలియాలి.

ఉపేంద్ర చివుకుల గారు. నెల్లూరులో పుట్టి, మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, న్యూయార్క్‌లో సిటీ కాలేజీలో మాస్టర్స్ చేసి, మనందరిలాగే ఉద్యోగం చేసుకుంటూ సోమర్సెట్ కౌంటీ ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. 1997లో టౌన్‌షిప్ కౌన్సిల్‌కి గెలిచారు. 1998లో డిప్యూటీ మేయర్, 2000లో మేయర్. 2001 నవంబర్‌లో స్టేట్ అసెంబ్లీకి గెలిచారు, న్యూజెర్సీ అసెంబ్లీలో అడుగుపెట్టిన మొదటి దక్షిణాసియా మనిషి ఆయనే. అసెంబ్లీకి వెళ్ళాక కూడా 2005 దాకా కౌన్సిల్ వదల్లేదు, అప్పట్లో రెండూ ఉంచుకోవచ్చు, 2008 నుంచి కొత్తవాళ్ళకి అది ఆపేశారు.

ఆయన దారిలో నాకు నచ్చేది మధ్యలో అసెంబ్లీలో ఉన్న పన్నెండేళ్ళు. ఇంజనీరు కాబట్టి టెలికాం, యుటిలిటీస్ కమిటీ పట్టుకుని ఛైర్మన్ అయ్యారు, 2012 సోలార్ చట్టం తెచ్చినవాళ్ళలో ఒకరు. ఈ స్టేట్‌లో మన ఇళ్ళ మీద ఇన్ని ప్యానెళ్ళు కనిపిస్తున్నాయంటే అలాంటి చట్టాల చలవే. డిప్యూటీ స్పీకర్ దాకా వెళ్ళారు. కాంగ్రెస్‌కి 2012లో నిలబడి ఓడిపోయారు, 2014 ప్రైమరీలో మళ్ళీ ఓడిపోయారు, అదే ఏడాది బోర్డ్ ఆఫ్ పబ్లిక్ యుటిలిటీస్ కమిషనర్ అయ్యారు. కరెంటు, గ్యాస్ రేట్లు చూసే బోర్డు అది. చేతిలో ఉన్న చదువుకి సరిగ్గా సరిపోయే కుర్చీ, కౌన్సిల్ గెలిచిన పదిహేడేళ్ళకి వచ్చింది. డబ్బు కోసమైతే ఎవరూ రారండి ఇందులోకి, అసెంబ్లీ మెంబర్‌కి కూడా 2002 నుంచి మొన్నమొన్నటి దాకా ఏడాదికి 49,000 డాలర్లే.

సరిగ్గా మీవారి దారిలోనే నడిచినాయన వెస్ట్ విండ్సర్‌లో ఉన్నారు, హేమంత్ మరాఠే గారు. ముందు వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో స్కూల్ బోర్డులో ఏళ్ళ తరబడి చేసి ప్రెసిడెంట్ కూడా అయ్యారు, తర్వాత టౌన్‌షిప్ కౌన్సిల్, 2017లో మేయర్‌గా గెలిచారు, 2021లో మళ్ళీ గెలిచారు. అక్కడ కౌన్సిల్ ఎలక్షన్‌కి పార్టీల్లేవు, అది ఆయనకి కలిసొచ్చిన విషయం, మీకు ఆ సౌకర్యం లేదు.

స్కూల్ బోర్డు నుంచి కౌన్సిల్‌తో పని లేకుండా నేరుగా పైకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అయోవాలో స్వాతి దండేకర్ గారు, నాగపూర్‌లో పుట్టిన ఆవిడ, సీడర్ రాపిడ్స్ పక్కన మేరియన్ అనే చిన్న ఊరు, లిన్-మార్ స్కూల్ బోర్డుకి 1996లో గెలిచి ఆరేళ్ళు చేసి 2002లో స్టేట్ హౌస్‌కి వెళ్ళారు. ఆ ఎలక్షన్లో ఎదుటి అభ్యర్థి, ఇండియాలో పుట్టి పెరిగిన మనిషి మిడ్‌వెస్ట్ జనానికి ఎలా ప్రతినిధి అవుతుందని ఈమెయిల్ రాస్తే అది బయటికొచ్చి పెద్ద గొడవైంది. ఆవిడే గెలిచారు. ఆరేళ్ళు వాళ్ళ పిల్లల స్కూళ్ళ కోసం కూర్చున్న మనిషిని ఊరు మర్చిపోలేదు.

---

మూడేళ్ళ_బోర్డు:

సుధా, నేను నీకంటే పెద్దదాన్నే అయ్యుంటాను, ఏకవచనం అంటున్నా ఏమనుకోకు. నేను ఇంకో టౌన్‌లో ఒక్క టర్మ్ స్కూల్ బోర్డులో చేశాను. పై వాళ్ళందరూ వెళ్ళమంటున్నారు, నేను మాత్రం ఆయన్ని బోర్డులోనే ఉండమంటాను.

మొదటి ఏడాదంతా నేర్చుకోవడంతోనే సరిపోతుంది. ట్రైనింగ్ తప్పనిసరి, ఫైనాన్షియల్ డిస్‌క్లోజర్, వేలిముద్రలు, అన్నీ అయ్యాక బడ్జెట్ అర్థమయ్యేసరికి రెండో మార్చి వస్తుంది. మూడో ఏడాదికి కాస్త నోరు తెరుస్తాం, ఈలోపు టర్మ్ అయిపోతుంది. ఆరేళ్ళ మనిషి బోర్డుకి ఎంత విలువో నాకు తెలుసు. మా బోర్డులో పాతవాళ్ళు చాలామంది ఒకేసారి వెళ్ళిపోయిన ఏడాది టీచర్ల కాంట్రాక్టు, సూపరింటెండెంట్ కాంట్రాక్టు రెండూ వచ్చి పడ్డాయి, తొమ్మిది మందిలో ఆరుగురం కొత్తవాళ్ళం, ఎవర్ని ఏం అడగాలో కూడా తెలీదు. కంగారులో మేం ఐదుగురం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని సూపరింటెండెంట్ విషయం అందులో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అటార్నీకి తెలిసి ఆ రోజే మూయించాడు. తొమ్మిదిలో ఐదుగురంటే మెజారిటీ, అది జనం ముందు పెట్టాల్సిన మీటింగ్ కిందకి వస్తుంది, 1975 నుంచి ఉన్న చట్టం అది. ఆ గ్రూపులో ఒక్క పాత మెంబరు ఉన్నా మొదటి మెసేజ్‌కే వద్దనేవాళ్ళు.

మన పిల్లల విషయం కూడా చెప్పాలి. 2015 అక్టోబర్‌లో వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకి 16 పేజీల ఉత్తరం రాశారు, గుర్తుందా? అంతకుముందు ఏడాది మిడిల్ స్కూల్, హైస్కూల్ పిల్లల్లో 120 మందికి మెంటల్ హెల్త్ అసెస్‌మెంట్ కావాల్సొచ్చింది, 40 మందిని హాస్పిటల్లో చేర్చారు. మిడ్‌టర్మ్‌లు, ఫైనల్స్ తీసేశారు, హోంవర్క్ లేని రాత్రులు పెట్టారు, ఫోర్త్ ఫిఫ్త్ గ్రేడ్‌లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్ తగ్గించారు. ఊరు రెండుగా చీలింది, మనవాళ్ళలో, చైనీస్ వాళ్ళలో చాలామంది చదువు పలచన చేస్తున్నారని కోప్పడ్డారు, తెల్లవాళ్ళలో చాలామంది హమ్మయ్య అన్నారు. అదే వాదన చిన్నగా మా బోర్డుకీ వచ్చింది. ఒకమ్మ మైక్ ముందుకొచ్చి తెలుగు యాసలో ఇంగ్లీషులో "మా బాబు రాత్రి ఒంటిగంట దాకా చదువుతాడు, వాడికిష్టమే" అంది, వెనకాల ఆ బాబు కూర్చుని నేల చూస్తున్నాడు. నేను ఆ తల్లి భాషా అర్థం చేసుకున్నా, ఆ పిల్లాడి మొహమూ చూశా. మిగతా ఎనిమిది మందికి ఆవిడ ఇంకో కోపంగా ఉన్న పేరెంట్ అంతే. మీటింగ్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో ఆవిడతో ముప్పావు గంట మాట్లాడాను, తెలుగులో. ఆ పని కౌన్సిల్‌లో ఉండి చెయ్యలేరు సుధా.

బోర్డు మెంబర్ల కోడ్ ఆఫ్ ఎథిక్స్‌లో ఒక వాక్యం ఉంటుంది, స్కూళ్ళని నడపడం నా పని కాదు, అవి బాగా నడిచేలా చూడ్డం నా పని అని. మీ ఆయన ఆరేళ్ళుగా అది చేస్తున్నారు.

ఖర్చు కూడా చెప్తా. నేను ఒక ఓటు వేసిన మర్నాడు స్కూల్ బస్సులో మా అమ్మాయిని "మీ అమ్మ వల్లే" అన్నారు. అది ఇంటికొచ్చి నాకు చెప్పలేదు, రెండు నెలల తర్వాత తెలిసింది. రెండోసారి నిలబడకపోవడానికి అదే కారణం. మీ పిల్లల్ని అడిగారా?

---

జెర్సీ_సుధ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి ఆయన ఇదంతా చదివారు. పైలట్ గురించి పాతకాపు గారు రాసింది చదువుతూ తల ఊపుతూనే ఉన్నారు, మా టౌన్‌లో రైల్వే స్టేషన్ దగ్గర అలాంటిదే వస్తోందట. అక్కా, మీరడిగిన మాట పట్టుకుని పిల్లల్ని కూర్చోబెట్టి అడిగాను. పెద్దది "నాన్న బోర్డులో ఉన్నారని టీచర్లు నాతో జాగ్రత్తగా మాట్లాడతారు, నాకది నచ్చదు, కానీ నాన్న మానేస్తే నాకు బాధగా ఉంటుంది" అంది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా అడగలేదు ఆ మాట.

ఆయనకి పార్టీలో చేరడం మీద మనసు లేదు, కానీ ఆ స్టేషన్ ప్రాజెక్టులో స్కూళ్ళ తరఫున ఎవరూ అడగరే అన్న బాధ ఉంది. బోర్డులో ఉంటూనే ఆ టేబుల్ దగ్గర కూర్చునే దారి ఏదైనా ఉందా?

---

పాతకాపు_ప్లానింగ్:

ఉంది సుధ గారూ, మొన్న రాసేటప్పుడే చెప్పాల్సింది. ప్లానింగ్ బోర్డు సీట్లు క్లాసుల వారీగా ఉంటాయి. క్లాస్ ఒకటి మేయర్, క్లాస్ రెండు టౌన్ ఉద్యోగి లాంటివారు, క్లాస్ మూడు కౌన్సిల్ మెంబరు, మిగతావాళ్ళు క్లాస్ నాలుగు, ఊరి జనం. క్లాస్ నాలుగు వాళ్ళకి టౌన్‌లో వేరే పదవి ఉండకూడదు, కానీ ఒకరు మాత్రం స్కూల్ బోర్డు మెంబరు అయి ఉండొచ్చని రాష్ట్ర ల్యాండ్ యూజ్ చట్టంలోనే రాశారు. చాలా టౌన్లలో ఆ వీలుని ఎవరూ వాడుకోరు, ఎందుకంటే ఎవరూ అడగరు.

ప్లానింగ్ బోర్డు పైలట్ మీద ఓటెయ్యదు, అది కౌన్సిల్ పనే. కానీ ఒక స్థలాన్ని రీడెవలప్‌మెంట్ ఏరియాగా తేల్చాలా అన్న విచారణ ముందు ప్లానింగ్ బోర్డుకే వస్తుంది, సైట్ ప్లాన్ కూడా. ఎన్ని యూనిట్లు, ఎన్ని మూడు బెడ్‌రూములవి, బస్సు ఎక్కడ ఆగుతుంది, పిల్లలు రోడ్డు ఎక్కడ దాటుతారు, ఇవన్నీ డెవలపర్ ఇంజనీరుని ప్రమాణం చేయించి నేరుగా అడగొచ్చు. పబ్లిక్ కామెంట్‌లో మూడు నిమిషాల్లా కాదు, సమాధానం వచ్చేదాకా అడగొచ్చు. క్లాస్ నాలుగు టర్మ్ నాలుగేళ్ళు. సాధారణంగా మేయరే వేస్తారు, జనవరిలో ఖాళీలు వస్తాయి, మధ్యలో ఎవరైనా మానేస్తే అప్పుడూ వస్తాయి. క్లర్క్ ఆఫీసులో వాలంటీర్ ఫారం ఉంటుంది, అది నింపి మేయర్‌కి ఒక ఉత్తరం కూడా రాయమనండి. ఈ సీటు బోర్డులో ఉన్నంతకాలమే కాబట్టి జులైలో పిటిషన్ మాత్రం మర్చిపోవద్దు.

---

ఓరుగల్లు_ఎడిసన్:

అక్కా, జులైల బోర్డుకు మల్ల నిలబడితే చెప్పు, ఓటర్ లిస్ట్ పని నేను చేసిపెడ్త. స్కూల్ బోర్డు పేర్లు బ్యాలట్ మీద పార్టీల కాలమ్ల ఉండయ్, వేరేగ ఉంటయ్, చానమంది పైన పార్టీలకు ఏసి అటు చూడకుంటనే పోతరు. ఆ జాగ చూపిస్తనే ఓట్లు పెరుగుతయ్.

---

జెర్సీ_సుధ:

అప్‌డేట్: ఈ రోజు మధ్యాహ్నం లంచ్‌లో క్లర్క్ ఆఫీసుకి వెళ్ళి ఫారం తెచ్చుకున్నారు. ఒక క్లాస్ నాలుగు సీటు జూన్‌లో ఖాళీ అవుతుందని, స్కూల్ బోర్డు వాళ్ళెవరూ ఇంతవరకు అడగలేదని అక్కడి ఆవిడ చెప్పిందట. పార్టీ వాళ్ళకి ఈ ఏడు వద్దని ఫోన్ చేశారు, వాళ్ళు బాగానే మాట్లాడారు, స్టేషన్ ప్రాజెక్టు గురించి మీ లెక్కలు మాకు పంపండి అన్నారు. ఇప్పుడు డైనింగ్ టేబుల్ మీద బడ్జెట్ పుస్తకం పక్కన ఆ స్టేషన్ ప్లాన్ మ్యాప్ కూడా పరిచారు, చిన్నది దాని మీద వాళ్ళ స్కూల్ ఎక్కడుందో వెతుకుతోంది. తమ్ముడూ, జులైలో తప్పకుండా మెసేజ్ పెడతాను.